కూల్చేసిన డెట్రాయిట్ సిటీ హాల్ కథ

[స్క్రీన్ మీద: పాత బిల్డింగ్ బ్లాక్ అండ్ వైట్ ఫోటో]

ఈ ఫోటో ఒక్కసారి బాగా చూడండి. డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లో, కాంపస్ మార్షియస్ అనే కూడలి పక్కనే ఉండేది ఈ సిటీ హాల్. ఇప్పుడు అక్కడికెళ్తే దీని ఆనవాలు కూడా ఉండదు, ఒక అద్దాల ఆఫీస్ బిల్డింగ్ కనిపిస్తుంది అంతే.

దీన్ని డిజైన్ చేసింది జేమ్స్ ఆండర్సన్. మధ్యలో అమెరికా అంతర్యుద్ధం రావడంతో పని ఏళ్ల తరబడి వెనక్కిపోయి, చివరికి 1871 జులై 4న, అంటే వాళ్ల స్వాతంత్ర్య దినం రోజే ఓపెన్ చేశారు. ఖర్చు దాదాపు 6 లక్షల డాలర్లు, ఆ రోజుల్లో అదేం చిన్న డబ్బు కాదు. మొత్తం రాతి కట్టడం, పైన గడియారంతో పెద్ద టవర్.

నాకు అన్నిటికంటే నచ్చింది గోడల్లో నిలబెట్టిన నాలుగు విగ్రహాలు. 1701లో ఊరికి పునాది వేసిన కాడిలాక్, ఫ్రెంచ్ అన్వేషకుడు లా సాల్, ఫ్రెంచ్ మిషనరీ మార్క్వెట్, ఇంకా ఫాదర్ గాబ్రియెల్ రిచర్డ్. 1805లో ఊరంతా కాలిపోయినప్పుడు "మంచి రోజులొస్తాయని ఆశపడుతున్నాం, బూడిదలోంచి మళ్లీ లేస్తుంది" అన్నది ఈ రిచర్డే, ఇప్పటికీ డెట్రాయిట్ జెండా మీద ఉండేది ఆ మాటే. వీటిని చెక్కిన జూలియస్ మెల్చర్స్ జర్మనీ నుంచి వచ్చినాయన, సిగార్ షాపుల ముందు పెట్టే చెక్క బొమ్మలు చెయ్యడంలో కూడా ఆయనకి మంచి పేరుండేది.

మరి ఎందుకు కూల్చారు? 1955లో కొత్త సిటీ కౌంటీ బిల్డింగ్ రెడీ అయి ఆఫీసులన్నీ అటు మారిపోయాయి, దాంతో ఇది పాతదైపోయింది, డౌన్‌టౌన్‌కి కొత్త లుక్ కావాలి, పార్కింగ్ కావాలి అనే వాదన బలంగా మొదలైంది. కాపాడాలని జనం కోర్టుకి కూడా వెళ్లారు, అయినా ఆగలేదు. 1961లో పడగొట్టేశారు. 90 ఏళ్ల బిల్డింగ్! కింద కార్ల పార్కింగ్, పైన కెన్నెడీ స్క్వేర్ అని ఓపెన్ ప్లాజా కట్టారు. ఆ ప్లాజా కూడా నిలవలేదు, 2006కల్లా అదే చోట ఆఫీస్ బిల్డింగ్ వచ్చేసింది. నిజంగా బాధేస్తుంది, రాతి కట్టడం పోయాక దాని బదులు కట్టింది సగం కాలం కూడా ఉండలేదు.

విగ్రహాలు మాత్రం బతికే ఉన్నాయి. కొన్నేళ్లు స్టోరేజ్‌లో ఉండి, తర్వాత వేన్ స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌కి చేరాయి. అక్కడ చదువుతున్న మన తెలుగు పిల్లలెవరైనా ఈ వీడియో చూస్తుంటే ఒకసారి వెళ్లి చూడండి, అప్పట్లో తలెత్తి చూడాల్సిన ముఖాలు ఇప్పుడు దగ్గర్నుంచే కనిపిస్తాయి.