పాత కారుకి ఏ బుష్ వెయ్యాలి?

(ఒడిశాలోని జయపురంలో తెలుగు కార్ల యజమానులు, మెకానిక్కుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది చూడండి. ఒక పాత కారు ముందు చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బుష్. హాక్సా బ్లేడుతో నిలువునా కోసి తెచ్చాను. బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో చిన్న గొట్టం, మధ్యలో రబ్బరు. రబ్బరు రెండు గొట్టాలకీ అతుక్కుని ఉంది, గోరు పెట్టి లాగినా ఊడిరాదు. చక్రం పైకీ కిందకీ ఊగుతున్నప్పుడు ఇందులో ఏదీ జారదు. రబ్బరే మెలి తిరుగుతుంది, మళ్లీ తన చోటికి వస్తుంది. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఇక్కడి నుంచే వస్తుంది.

మన రోడ్లు మీకు తెలుసు. పెద్దాసుపత్రి అంటే మనకి విశాఖపట్నమే. కోరాపుట్ ఎక్కి, పొట్టంగి దాటి, సుంకి ఘాట్‌లో సాలూరు వైపు దిగాలి. మలుపు మలుపుకీ బ్రేకు. బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం వెనక్కి పోవాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఈ రబ్బరు ముక్కే. ఇంట్లో పేషెంటుని పెట్టుకుని దిగేటప్పుడు కారు పక్కకి లాగితే ఎంత టెన్షనో పడ్డవాళ్లకి తెలుసు.

గుణుపురం నుంచి ఒక మాస్టారు మారుతి 800 తెచ్చారు. "బాబూ, షాక్ అబ్జార్బర్లు రెండూ మార్పించాను, టకటక పోలేదు. బ్రేకు కొడితే ఎడమకి లాగుతోంది" అన్నారు. ఆ బండిలో ముందు ఉండే స్టెబిలైజర్ బార్ రెండు పనులు చేస్తుంది. మలుపులో బండి ఒరగకుండా చూస్తుంది, లోయర్ ఆర్మ్ ముందుకీ వెనక్కీ పోకుండా కూడా పట్టుకుంటుంది. టార్చి వేసి బార్ చివర బుష్ దగ్గర లివర్ పెట్టి కొంచెం నెట్టాను. రబ్బరు చీలిక నోరు తెరిచినట్టు విచ్చుకుంది. లోపలి నుంచి ఎర్రమట్టి పొడి నా ముంజేతి మీద రాలింది. ఆయన షాక్ అబ్జార్బర్ల మీద పెట్టిన డబ్బు దండగ. శబ్దం రాగానే షాక్ అబ్జార్బర్లు విప్పేసే అలవాటు మనం మానుకోవాలి. ముందు బుష్‌లు చూడండి, ఆర్మ్ చివర గుండ్రటి కీలులా ఉండే బాల్ జాయింట్లు చూడండి.

ఇప్పుడు ఎంపిక. రబ్బరా, పాలీ అని పిలిచే గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయూరిథేనా? కుర్రాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. గట్టిదనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు. మామూలు రబ్బరు బుష్‌లు సుమారు 50 నుంచి 70 వరకూ ఉంటాయి, పాలీ బుష్‌లు 70 నుంచి 95 దాకా పోతాయి. పాలీ బుష్ నూనెకి, గ్రీజుకి పాడవదు, చాలాకాలం మన్నుతుంది. నిజమే. కానీ పాలీ చాలావాటిలో లోపలి గొట్టం రబ్బరుకి మల్లే అతుక్కుని ఉండదు, అందులోనే తిరుగుతుంది. అందుకే గ్రీజు కావాలి. మన ఎర్రదుమ్ము ఆ గ్రీజులో కలిస్తే కిర్రుమనే శబ్దం, అరుగుదల తప్పవు.

దుమ్ము కంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. వెనక ఒకే గట్టి యాక్సిల్, దాన్ని బాడీకి కలిపే ట్రెయిలింగ్ ఆర్మ్‌లు ఉన్న పాత చిన్న కార్లు తీసుకోండి. ఒక చక్రం గుంతలో, ఇంకోటి గట్టు మీద ఉంటే యాక్సిల్ ఏటవాలుగా ఒరుగుతుంది. అప్పుడు ఆర్మ్ పైకీ కిందకీ ఊగడమే కాదు, నిలువునా మెలి కూడా తిరుగుతుంది. రబ్బరు ఆ మెలికని తనలో దాచుకుంటుంది. గట్టి పాలీ ఒప్పుకోదు. ఆ బలమంతా బ్రాకెట్ మీదికి పోతుంది. ఇరవయ్యేళ్ల బండిలో ఆ బ్రాకెట్ ఉన్న రేకు ఎలా ఉంటుంది? ఇన్ని వానాకాలాలు తడిసి, తుప్పు పట్టి ఉంటుంది. నా సొంత బండికి వెనక నాలుగు చోట్లా పాలీ వేశాను. ఒక వానాకాలం తిరిగేసరికి బ్రాకెట్ వెల్డింగ్ పక్కన వెంట్రుకవాసి పగులు కనిపించింది. విప్పేసి రబ్బరు వేశాను, రేకు అతికించాను. పాత బండిలో ముందుగా లొంగాల్సింది బుష్, బాడీ కాదు. బుష్ పోతే కొత్తది కొంటాం, బాడీ పోతే బండే పోయింది.

పాలీ వద్దే వద్దని అనను. స్టెబిలైజర్ బార్‌ని బాడీకి పట్టే క్లాంపు బుష్‌లకి బాగానే ఉంటుంది. బరువు మోసే జీపు కమాన్ పట్టీల చెవుల్లోనూ పనికొస్తుంది. లోయర్ ఆర్మ్‌కి, ట్రెయిలింగ్ ఆర్మ్‌కి మాత్రం మంచి రబ్బరే నా మాట.

మంచి రబ్బరు దొరకడమే కష్టం. మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లో ఆగిపోయింది. దుకాణంలో ఉన్నది ఎప్పటి సరుకో చూడాలి. రబ్బరు డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది. బొటనవేలితో నొక్కి చూడండి, వంచి చూడండి. వెలుతురులో సన్నని గీతల్లాంటి పగుళ్లు కనిపిస్తే వెనక్కి ఇచ్చెయ్యండి. "సరిపోతుందా?" అంటే కౌంటర్ మీద ఒడియాలో "చలిబ" అంటారు, అంటే "నడుస్తుందిలే" అని. ఆ మాట మీద కొనకండి, పాత బుష్ పక్కన పెట్టి కొలవండి. పొడవు, బయటి వ్యాసం, బోల్టు రంధ్రం, మూడూ. కొన్ని బుష్‌లలో రబ్బరు మధ్య ఖాళీలు ఉంటాయి. అవి ఏ వైపు ఉండాలో లెక్క ఉంది, కాబట్టి పాతది తీసేముందే ఆర్మ్ మీద పెయింటుతో గుర్తు పెట్టండి. బాల్ జాయింటు కూడా పోయి, ఆర్మ్ రంధ్రం తుప్పుతో వదులైతే ఆర్మ్ మొత్తం మార్చడమే నయం. ఎడమది పోతే కుడిది కూడా వెయ్యండి.

బిగించేవాళ్లకి ఒక మాట, తమ్ముళ్లూ. గ్యాస్‌తో రబ్బరు కాల్చి తియ్యకండి, ఆ పొగ మీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. సుత్తితో కొట్టకండి, ప్రెస్ వాడండి, బయటి గొట్టం అంచు మీదే బలం పెట్టండి. ఎక్కకపోతే సబ్బునీళ్లు రాయండి. ఇంజన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది. పాత ఆయిల్ లీకు ఆ బుష్ మీద కారుతుంటే ముందు లీకు ఆపండి, లేకపోతే కొత్తదీ అలాగే పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇది. బండి జాకీ మీద ఉండగా, చక్రాలు కిందికి వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించేస్తారు. తర్వాత బండి దించితే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలి తిరిగే ఉండిపోతుంది. బండి ఆగి ఉన్నా దానికి విశ్రాంతి ఉండదు. కొత్త బుష్ కొన్ని నెలలకే చిరుగుతుంది, నింద సరుకు మీద పడుతుంది. బోల్టు వదులుగా పెట్టండి, బరువు చక్రాల మీద పడనివ్వండి, బండిని రెండు మూడు సార్లు నొక్కి వదలండి, అప్పుడు బిగించండి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్.

బయట నా మారుతి నిలబెట్టాను. ముందు ఎడమ చక్రం దగ్గర బోల్టు ఇంకా బిగించలేదు. రండి, మీలో ఇద్దరు బానెట్ నొక్కండి, ఒకరు స్పానర్ పట్టుకోండి.