నల్లదూడకు పాట ఎందుకు ఎక్కువ పలుకుతుంది?

అందరికీ నమస్కారం.

అమెరికా పశువుల వేలంపాటల్లో ఒకే బరువు, ఒకే వయసున్న రెండు దూడలు వస్తే, సాధారణంగా నల్లదానికే ధర ఎక్కువ పలుకుతుంది. తినేది మాంసం కదా, తోలు రంగుతో పనేమిటని మీకు అనుమానం రావాలి. రాకపోతే నా ఉపన్యాసం దండగ!

1873లో జార్జ్ గ్రాంట్ అనే ఆయన స్కాట్లండ్ నుంచి ఆంగస్ అనే జాతి ఆబోతుల్ని నాలుగింటిని కాన్సాస్‌కు తెచ్చాడు. కొమ్ముల్లేవు, ఒళ్లంతా కారునలుపు. అప్పట్లో అక్కడ షార్ట్‌హార్న్ జాతిదే రాజ్యం కాబట్టి వీటిని కొందరు వింతగా చూశారు. వందేళ్లు తిరిగేసరికి కథ మారింది. 1978లో అమెరికన్ ఆంగస్ అసోసియేషన్ ‘సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్’ బ్రాండు మొదలుపెట్టింది. ఇందులో మెలిక ఏమిటంటే, పశువుకు వంశవృక్షం చూపించక్కర్లేదు. ఒళ్లు చాలామటుకు నల్లగా ఉంటే చాలు, కబేళాలో మొదటి వడపోత దాటేస్తుంది. మాంసంలో కొవ్వు గీతలు ఎంత ఉన్నాయన్నది ఆ తర్వాత చూస్తారు. ఎర్రదూడ మాంసం ఎంత మేలైనదైనా ఆ వడపోత దగ్గరే ఆగిపోతుంది.

దీంతో మిగతా జాతులవాళ్లు ఊరుకుంటారా? సిమెంటాల్, లిమోజిన్ పశువులు పుట్టుకతో ఎర్రవి, పసుపువి. వాటిని ఆంగస్‌తో సంకరం చేసి నల్లవి తయారుచేశారు. పశువుల్లో నలుపు ఎరుపును అణిచేస్తుంది కాబట్టి ఇది కష్టమేమీ కాదు. రెండు నలుపు జన్యువులున్న ఆబోతును ఎర్ర ఆవులకు కట్టిస్తే దాదాపు దూడలన్నీ నల్లగానే పుడతాయి. అదే తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఎరుపు జన్యువు దాగి ఉంటే, సగటున నాలుగింట ఒక దూడ ఎర్రగా పుడుతుంది. తోబుట్టువులే, ఒకే మేత, రంగు తేడాకు కారణం ఒక్క జన్యువే. అయినా ఎర్రదానికి రేటు తగ్గే ప్రమాదం ఉంది. నా దృష్టిలో ఇది అన్యాయమే. కానీ కొనేవాడి స్థానంలో నిలబడి చూడండి.

దూడ బరిలో ఉండేది కొద్ది క్షణాలే. పాటగాడు గుక్క తిప్పుకోకుండా అంకెలు చదువుతుంటాడు. కొనుగోలుదారు వేలు ఆడిస్తే బేరం కుదిరినట్టే. తల్లి ఎవరో, తండ్రి ఎవరో అడిగే తీరిక లేదు. మన సంతలో సుళ్లు చూసినట్టు అతను రంగు చూస్తాడు. పైగా చాలామంది నాలుగు చోట్ల కొన్న దూడల్ని కలిపి ఒక లారీలోడు కడతారు. అందులో అన్నీ ఒకే రంగువైతే, వాటిని కొని మేపి బలిపించే ఫీడ్‌లాట్ వాడు పేచీ పెట్టడు. మచ్చలదాన్ని ఒక్కదాన్ని కలిపితే బేరం మొదలు. అక్కడ రేటు వంద పౌన్ల బరువుకు ఇంత అని చెబుతారు. అయిదు డాలర్లు కోత పడిందనుకోండి, అయిదు వందల పౌన్ల దూడ మీద పాతిక డాలర్లు పోయినట్టే.

సంకరం వల్ల లాభం రంగుతో ఆగదు. ఆంగస్ ఆబోతుకూ హియర్‌ఫర్డ్ ఆవుకూ పుట్టినదాన్ని ‘బ్లాక్ బాల్డీ’ అంటారు. ఒళ్లు నలుపు, మొహం తెలుపు. రెండు జాతుల కలయిక వల్ల వచ్చే సత్తువ ఉంటుంది కాబట్టి దూడ బాగా ఎదుగుతుంది. పెయ్య అయితే పెద్దయ్యాక చక్కగా చూలు కడుతుంది. నలుపు ఎలాగూ ఉంది కనుక పాటలోనూ నష్టం లేదు.

ఇక మన ఒంగోలు సంగతి. గుజరాత్ పశువులతో పాటు మన ఒంగోలు రక్తం కూడా కలిసి తయారైందే అమెరికన్ బ్రాహ్మన్ జాతి. టెక్సస్, ఫ్లోరిడా ఎండలకూ పిడుదులకూ అది తట్టుకున్నట్టు ఆంగస్ తట్టుకోదు. అయితే ఇందాకటి బ్రాండు నిబంధనల్లో మూపురం రెండు అంగుళాలు మించకూడదని ఒకటుంది. మూపురం జాతి మాంసం కాస్త గట్టిగా ఉంటుందని వాళ్ల భయం. అందుకే బ్రాహ్మన్ గుర్తులైన పొడవు చెవులు, వేలాడే గంగడోలు కనిపించగానే మాంసానికి కొనేవాడు రేటు తగ్గిస్తాడు.

అదే టెక్సస్‌లో పెంపకానికి పెయ్యల్ని అమ్మే వేలానికి వెళ్లండి. బ్రాహ్మన్‌కూ హియర్‌ఫర్డ్‌కూ పుట్టిన పులిచారల పెయ్యలకు అక్కడ మంచి గిరాకీ. ఎండను ఓర్చుకుంటాయి, ఎక్కువ ఏళ్లు ఈనుతాయి, దూడకు పాలు సమృద్ధిగా ఇస్తాయి. ఆ చారలు చూసి రెండు జాతుల రక్తం సగం సగమని అంచనా వేస్తారు. మాంసం దూడల పాటలో రేటు తగ్గించిన రంగే ఇక్కడ రేటు పెంచుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.