లేచి భోజనం చెయ్యి

అందరికీ వందనాలండీ. వెనక పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ చోటుంది.

కష్టకాలంలో విశ్వాసం గురించి మాట్లాడమని పాస్టరు అయ్యగారు అడిగారు. ఆ మాట వినగానే నాకు మన ఆదరణ కూడికలు గుర్తొచ్చాయి. మనిషి పోయి నాలుగు రోజులైనా కాలేదు, ఇంటిముందు షామియానా, కుర్చీలు, మైకు, పాటలు, ఆ భార్య గొంతు పోయేలా ఏడుస్తుంటే పక్కనున్నావిడ చెయ్యి పట్టుకుని "ఏడవకమ్మా, ఏడిస్తే సాక్ష్యం పోతుంది" అంటుంది. ఆవిడ ప్రేమతోనే అంటుంది, నాకు తెలుసు. పౌలు థెస్సలొనీకవాళ్లకి రాసిన మాట మనసులో పెట్టుకుని అంటుంది. కానీ ఆ వచనం మొత్తం చదవండి. "నిరీక్షణ లేని ఇతరులవలె" దుఃఖపడవద్దన్నాడు. మీ మనిషి పోతే కన్నీళ్లు మింగేసి కూర్చోమని పౌలు ఎక్కడా రాయలేదు.

బేతనియకి వెళ్దాం రండి. లాజరు సమాధి దగ్గర యేసుప్రభువు కన్నీళ్లు విడిచాడు. ఆయనకి ఏం జరగబోతోందో తెలియదా? ఇంకాసేపట్లో రాయి తీయిస్తాడు, పేరు పెట్టి పిలుస్తాడు, చచ్చినవాడు లేచి బయటికి వస్తాడు, ఇదంతా తెలిసినవాడు కూడా లాజరు అక్కచెల్లెళ్లలో ఒకరైన మరియ ఏడుపు చూసి తానూ ఏడ్చాడు. కథ చివర తెలిసినవాడే ఏడిస్తే, చివర ఇంకా చూడని మనం ఏడవకూడదా? నేను ఈ సాయంత్రం ముందుగా మిమ్మల్ని అడిగేది ఇదే, దయచేసి ఎవరి ఏడుపునీ ఆపకండి.

కీర్తనల గ్రంథం తెరిస్తే మూడో వంతు దాకా మొరలే ఉంటాయి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని నిలదీస్తాడు దావీదు. 88వ కీర్తన అయితే చివరిదాకా వెలుగన్నదే లేదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అంటూ అక్కడే ఆగిపోతుంది. సర్దిచెప్పే ముగింపు లేదు, హల్లెలూయా లేదు. అయినా మన పెద్దలు దాన్ని తీసెయ్యలేదు, గుడిలో పాడుకునే పుస్తకంలో ఉంచారు. అంటే అలాంటి రాత్రి గడిపేవాళ్లు సంఘంలో ఎప్పుడూ ఉంటారని వాళ్లకి తెలుసు, ఆ మాటలు కూడా ప్రార్థనే అని వాళ్లు ఒప్పుకున్నారు. పైగా ఆ కీర్తన మొదలయ్యేది "యెహోవా, నాకు రక్షణకర్తవగు దేవా" అని. చీకట్లో ఉన్నా ఎవరితో మాట్లాడుతున్నాడో అతనికి తెలుసు.

ఇంకో విషయం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మనందరం కొత్త సంవత్సరానికి ఒక వచనం రాసి ఉన్న వాగ్దానం కార్డు తీసుకుంటాం కదా, బీరువా తలుపుకో ఫ్రిజ్ మీదో అంటిస్తాం. మార్చిలో ఉద్యోగం పోతుంది, జూన్‌లో పిల్లాడి ఫీజు కట్టలేం, అమ్మకి కీమో మొదలవుతుంది, అప్పుడు ఆ కార్డు వైపు చూడాలంటేనే కష్టం అవుతుంది, నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉంది, అందుకే వాగ్దానం నెరవేరలేదు అనిపిస్తుంది. ఇలా లోపల్లోపల నలిగిపోయేవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉంటారు. మీతో ఒక మాట. పౌలంతటివాడు కొరింథువాళ్లకి రాస్తూ, ఆసియాలో మాకొచ్చిన శ్రమకి బతుకుతామన్న నమ్మకం కూడా లేక కుంగిపోయామని దాచకుండా చెప్పుకున్నాడు. ఆయన విశ్వాసంలో లోపముందని ఎవరైనా అంటామా? ఈ సందు చూసుకుని వచ్చేవాళ్లు కొందరుంటారు, ఇంత కానుక వెయ్యి, నీ అప్పు తీరిపోతుంది, ఈ నూనె రాయి, నీ రోగం పోతుంది అని. వాళ్లకి డబ్బులివ్వకండి. కష్టంలో ఉన్నవాడి జేబులో చెయ్యి పెట్టేవాడు యేసు పేరు ఎన్నిసార్లు పలికినా నాకు కోపమే వస్తుంది.

ఇప్పుడు ఏలీయా ప్రవక్త దగ్గరికి వద్దాం, ఇక్కడ కాసేపు ఆగుతాను. మొదటి రాజులు 19వ అధ్యాయం. ముందటి అధ్యాయంలోనే అతను ప్రార్థిస్తే కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగింది. అంత అద్భుతం చూసిన మనిషి, చంపిస్తానని యెజెబెలు రాణి పంపిన ఒక్క కబురుకి ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూలబడి "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. ప్రవక్త అన్నమాట అది. చావాలనిపించిన ప్రవక్త.

దేవుడు ఏం చేశాడు? గద్దించలేదు. కర్మెలు గుర్తు చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు. దూతని పంపి తట్టి లేపి "నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి మళ్లీ అదే మాట, లేచి తిను, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది అన్నాడు. ఇంత అయ్యాకే హోరేబు కొండకి నడక, అక్కడికి చేరాకే దేవుడితో మాటలు. అక్కడ కూడా దేవుడు "ఏలీయా, ఇచ్చట నీవేమి చేయుచున్నావు?" అని అడిగి, అతను చెప్పుకున్నదంతా విన్నాడు. నేనొక్కణ్ణే మిగిలానని రెండుసార్లు మొర పెట్టుకుంటే, నువ్వు ఒక్కడివే కాదు, ఇంకా ఏడు వేలమంది ఉన్నారని చెప్పాడు. ఆ వెంటనే ఎలీషాని తోడిచ్చాడు.

అందుకని మీ ఇంట్లో ఎవరైనా నెలల తరబడి నిద్ర పట్టక, తిండి తినక, ఎవరితో మాట్లాడక ఉంటే, ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి. డిప్రెషన్‌కి మందు వేసుకోవడం అవిశ్వాసం అని ఎవరైనా అంటే ఆ రొట్టె, ఆ నీళ్లు చూపించండి. చావాలనే ఆలోచన వస్తుంటే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి, ఇంట్లోవాళ్లని లేపండి, అయ్యగారికి ఫోన్ చెయ్యండి, లేదా ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు 14416కి చెయ్యండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. రాసుకోండి, 14416.

ఒంగోలులో నిలబడి ఆశ గురించి మాట్లాడుతూ మన ఊరి సంగతి చెప్పకపోతే బాగుండదు. 1853లో అమెరికాలో బాప్టిస్టు మిషన్ పెద్దలు నెల్లూరు మిషన్‌ని మూసేద్దామా అని చర్చించుకున్నారు. అన్నేళ్లు పనిచేసినా విశ్వాసులు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. ఆ పరిస్థితిలో 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు మన ఊరి కొండెక్కి ప్రార్థన చేశారు, ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని. ఆ కొండకే తర్వాత ప్రేయర్ మీటింగ్ హిల్ అని పేరొచ్చింది. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో, అంటే పన్నెండేళ్లకి. ఆ ఐదుగురికీ పన్నెండు కొత్త సంవత్సరాలు అలా గడిచిపోయాయి, ఒకసారి ఊహించండి.

తర్వాత 1876లో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరపు కరువు. 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ అంతా ఆకలి, దాని వెంట కలరా. పశువులు పోయాయి, పొలాలు ఎండాయి. ఎక్కువ నలిగింది కూలి మీద, తోళ్ల పని మీద బతికే మాదిగలు, మాలలు, గింజ దాచుకునే స్తోమత ఎన్నడూ లేనివాళ్లు. కరువు పని కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలవ తవ్విస్తుంటే, పాదిరి కాకముందు సర్వే పని చేసిన క్లౌ మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. వేలమంది వచ్చి మట్టి తవ్వారు, తట్టలు మోశారు, కూలి తీసుకుని తిన్నారు. మిషన్ బోధకులే ఆ గుంపులకి మేస్త్రీలు. కూలీలు అలిసి కూర్చున్నప్పుడు "ప్రయాసపడి భారము మోయుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అని చెప్పేవాళ్లు. ఆ మాట మనం ఏసీ హాల్లో విన్నట్టు వాళ్లు వినలేదండీ, తట్ట దింపి, చెమట తుడుచుకుంటూ విన్నారు.

నాకు క్లౌ మీద గౌరవం ఎక్కువయ్యేది ఇక్కడే. ఆ కరువు నెలల్లో ఎంతమంది బాప్తిస్మం అడిగినా ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట వాళ్లమీద పడకూడదని ఆపాడు. అన్నం పెట్టింది ఆకలి కోసం, అంతే. కరువు సాయం ఆగిపోయాక జనం మళ్లీ గుంపులుగా వస్తే, ఇక నా దగ్గర డబ్బు లేదు, వెళ్లిపొమ్మన్నాడు. మాకు డబ్బు వద్దు, మా చేతుల బొబ్బలు చూడండి, కష్టపడి బతుకుతాం, పంట పోతే చస్తాం, చచ్చినా క్రైస్తవులుగానే చస్తామన్నారని ఆయన జ్ఞాపకాల్లో ఉంది. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఈ అంకె మనం గొప్పగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ బొబ్బల మాటే ఎక్కువ ధైర్యం ఇస్తుంది. మళ్లీ పంట పోదని వాళ్లకి ఎవరూ హామీ ఇవ్వలేదు, వాళ్లూ అడగలేదు. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేలో పైరు పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా యెహోవాలో ఆనందిస్తానని హబక్కూకు రాశాడే, అది వాళ్లు నిజంగా ఖాళీ దొడ్డి ముందు నిలబడి అన్నారు. ఎలా అనగలిగారు? సిలువ మీద చచ్చిన ప్రభువు మూడో రోజున లేచాడని నమ్మారు. ఆకలిగొన్నవాడు, తన్నులు తిన్నవాడు, ఊరి గేటు బయట చంపబడ్డవాడు లేచాడంటే, ఊరి బయట బతికే మనకి కూడా ఆఖరి మాట చావుది కాదని వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మన ఆశకి ఆధారం అదే. మీ కేసు గెలుస్తారని, మీ రిపోర్టు నెగటివ్ వస్తుందని నేను చెప్పలేను. రావాలని మీతో కలిసి ప్రార్థిస్తాను. రాకపోయినా లేచిన ప్రభువు మీ పక్కనే ఉంటాడని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇక సంఘంగా మనం చెయ్యాల్సిన పని. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు తెరవకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే పాడుచేశారు. కాబట్టి చావు జరిగిన ఇంటికి వెళ్తే వచనం చెప్పాలన్న టెన్షన్ పెట్టుకోకండి. కూర లేకపోతే చారన్నమైనా క్యారియర్‌లో పట్టుకెళ్లండి. హాస్పిటల్లో ఉన్నవాళ్ల ఇంటి పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురండి. మొదటి నెలంతా అందరూ వస్తారు, ఆరో నెలలో ఎవరూ రారు, మీరు ఆరో నెలలో వెళ్లండి. ఉద్యోగం పోయినవాడికి "దేవుడు వేరే ద్వారం తెరుస్తాడు బ్రదర్" అనేముందు మీకు తెలిసినచోట ఎక్కడైనా పని ఉందేమో కనుక్కోండి. అప్పుల్లో ఉన్న కుటుంబం పేరు ప్రార్థన విన్నపాల్లో మైకులో చదవకండి, సిగ్గుతో చచ్చిపోతారు, స్త్రీల సమాజంవాళ్లు చడీచప్పుడు లేకుండా వెళ్లి మాట్లాడండి.

కూడిక అయ్యాక నేను తొమ్మిదిన్నర దాకా ఈ ముందు వరుసలోనే ఉంటాను. ప్రార్థన కావాలంటే రండి, ఊరికే మాట్లాడాలన్నా రండి. బయట చెట్టు కింద స్త్రీల సమాజం అక్కావాళ్లు పులిహోర పెడుతున్నారు, ఒంటరిగా వచ్చినవాళ్లు ఎవరైనా కనిపిస్తే ముందు వాళ్లకి ప్లేటు ఇచ్చి పక్కన కూర్చోండి.