వైన్ షాపులో దొరకని వైన్: చిన్న సంచీ, హాఫ్ సీసా, కోనసీమ

(దృశ్యం: తెల్లవారుజాము, రాజమండ్రి బస్టాండు. బెంచీ మీద వీపుకు తగిలించుకునే చిన్న సంచీ, జిప్పు సగం తెరిచి ఉంది.)

మన ఊళ్లో వైన్ షాపు అని బోర్డుంటుంది. లోపల బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, బీరు ఉంటుంది. వైన్ ఒక్కటే ఉండదు. అడిగి చూడండి, కౌంటర్లో అబ్బాయి అదోలా చూసి "వైన్ అంటే ఏదండి, రమ్మా?" అంటాడు.

ఈ వీడియో ఆ దొరకని వైన్ గురించి. అందులోనూ ఒక రకం గురించి: ఫోర్టిఫైడ్ వైన్. అంటే సారా కలిపి ఘాటు పెంచిన వైన్: పోర్ట్, షెర్రీ, మదీరా. రెండు జతల బట్టలు, తువ్వాలు, ఛార్జరు పట్టేంత సంచీతో కోనసీమ తిరగాలనుకునేవాడికి ఇంతకంటే అనువైన మందు లేదని నా అభిప్రాయం. ఇరవై ఒకటి నిండనివాళ్లు మాత్రం ఇక్కడే ఆగిపోండి, ఆంధ్రలో చట్టం అంతే.

(దృశ్యం: పాత ఫోటో. దండెం మీద ఆరేసిన తెల్ల చొక్కా, దాని మీద పెద్ద ఊదారంగు మరక.)

ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. ఒక మే నెలలో మామూలు రెడ్ వైన్ ఫుల్ సీసా ఒకటి బట్టల మధ్య చుట్టి, సంచీ బస్సు డిక్కీలో వేశాను. రావులపాలెం మీదుగా రాజోలు. దిగి జిప్పు తీస్తే కార్కు సగం పైకి లేచి ఉంది. వేడికి వైన్ ఉబ్బి దాన్ని నెట్టేసింది. చొక్కా మీద నేరేడుపళ్లు తొక్కినట్టు మరక. సీసాలో మిగిలింది నోట్లో పోసుకుంటే ఉడకబెట్టిన జామ్‌లా ఉంది, మర్నాటికి అదీ పులిసింది. గాజుతో కలిపి కిలోంబావు పైన బరువు మోశాను. కార్కు తీసే ఓపెనర్ కూడా మోసుకెళ్లాను, దాని అవసరమే రాలేదు!

ఇదంతా మా మావయ్య అరుగు మీద కూర్చుని చూశాడు. "పొద్దున దింపిన కల్లు రాత్రికి ఎలా ఉంటుందో తెలీదేంట్రా నీకు?" అన్నాడు. అసలు పాఠం అక్కడుంది.

(దృశ్యం: కాలవ గట్టు మీద తాటిచెట్టు. కిందికి దిగుతున్న ముంత. ముంత లోపల తెల్లటి సున్నం పూత, దగ్గరగా.)

తాటిచెట్టు నుంచి దిగిన నీరా, అంటే ఇంకా పులియని రసం, తియ్యగా ఉంటుంది. గాలిలో ఉండే ఈస్ట్ అనే సూక్ష్మజీవి ముంతలోకి చేరి ఆ తీపిని తింటూ ఆల్కహాల్ చేస్తుంది. అందుకే పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు. సాయంత్రానికి బ్యాక్టీరియా చేతికి వెళ్లిపోయి పులుపు. తాటిబెల్లం వండేవాళ్లకి ఆ తీపి పోకూడదు. అందుకని ముంత లోపల సున్నం పూస్తారు. సున్నం దగ్గర ఈస్ట్ ఆటలు సాగవు. నీరా నీరాలాగే ఉంటుంది.

పోర్చుగల్‌లో డూరో అని ఒక నది. దాని లోయలో ద్రాక్ష పండించేవాళ్లు చేసింది సరిగ్గా ఇదే పని, సున్నానికి బదులు సారా వాడారు. ద్రాక్షతో కాచిన సారా.

(స్క్రీన్ మీద పెద్ద అక్షరాలు: రసం 435 లీటర్లు + సారా 115 లీటర్లు = ఒక పీపా, 550 లీటర్లు)

ఈ లెక్క ఒక్కటి కాస్త ఓపిగ్గా చూడండి. ద్రాక్షరసం సగం పులిసేసరికి అందులో ఆల్కహాల్ సుమారు 6 శాతం, అంటే 435 లీటర్లలో 26 లీటర్లు. అప్పుడు 77 శాతం ఘాటున్న సారా 115 లీటర్లు గుమ్మరిస్తారు. అందులో ఆల్కహాల్ 88 లీటర్ల పైచిలుకు. రెండూ కలిపితే 114. దాన్ని 550తో భాగించండి: 20 శాతం పైన. అంత ఘాటులో ఈస్ట్ బతకదు, చచ్చిపోతుంది. అది తినాల్సిన పంచదార మాత్రం అలాగే మిగిలిపోతుంది, లీటరుకి దాదాపు వంద గ్రాములు. పోర్ట్ తియ్యగా ఉండేది ఇందుకే. బయటి నుంచి ఎవరూ పంచదార కలపలేదు.

ఆవకాయలో ఉప్పు ఏం చేస్తుందో ఇక్కడ ఆల్కహాల్ అది చేస్తుంది. ఏడాది నిలవుండే పచ్చడికీ రెండ్రోజుల్లో బూజు పట్టే పచ్చడికీ మధ్య తేడా ఉప్పు దగ్గరే కదా.

(దృశ్యం: నర్సాపురం రేవు. పంటు మీద బైకులు, కొబ్బరికాయల బస్తాలు. తర్వాత గీసిన బొమ్మ: అడుగు చదునుగా ఉన్న పడవ, మీద పీపాల వరుస.)

ఆ పీపాలు డూరో మీద రబేలో అనే పడవల్లో కిందికి వచ్చేవి. అడుగు చదునుగా ఉండే పడవలు, లోతు తక్కువైనా నడుస్తాయి. మన కాలవల్లో ధాన్యం, కొబ్బరికాయలు మోసిన పడవల్లాంటివే అనుకోండి. రోడ్లొచ్చాక మన పడవలకి పట్టిన గతే వాటికీ పట్టింది. ఇప్పుడు అక్కడ నది ఒడ్డున చూడ్డానికి బొమ్మల్లా నిలబెడుతున్నారు, వైన్ ట్యాంకర్లలో పోతోంది.

1703లో ఇంగ్లండు, పోర్చుగల్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాంతో పోర్చుగల్ వైన్ మీద పన్ను ఫ్రెంచి వైన్ కంటే తక్కువైంది. పీపాలన్నీ ఇంగ్లండు వైపు నడిచాయి. ఆ సముద్ర ప్రయాణానికి తట్టుకోవాలనే సారా కలపడం మొదలైంది. 1756లో డూరో లోయకి హద్దులు గీసి, ఈ గీత లోపల పండినదే పోర్ట్ అన్నారు.

కానీ ప్రయాణం కథంటే మదీరాదే. నాకు బాగా ఇష్టమైనదీ అదే.

(దృశ్యం: మిట్టమధ్యాహ్నం, దిండి దగ్గర వశిష్ఠ. నీళ్ల మీద ఎండ తళతళ. మాటలు లేకుండా నాలుగు సెకన్లు.)

మదీరా అట్లాంటిక్‌లో ఒక దీవి. ఇండియాకి, అమెరికాకి వెళ్లే ఓడలు అక్కడాగి పీపాలు ఎక్కించుకునేవి. ఓడ అడుగున, భూమధ్యరేఖ ఎండలో, నెలల తరబడి ఊగుతూ పోయేవి. అమ్ముడుపోని పీపాలు కొన్ని తిరిగొచ్చాయి. చెడిపోయి ఉంటుందనుకుని రుచి చూస్తే, ముందుకంటే బాగుంది! తర్వాత కావాలనే పీపాల్ని ఓడెక్కించి తిప్పి తెచ్చేవాళ్లు. అలా తిరిగొచ్చిన వైన్‌కి విన్యు ద రోడా అని వేరే పేరే ఉండేది. ఇప్పుడు ఓడలెందుకని తొట్లలో పోసి 45 నుంచి 50 డిగ్రీల వేడిలో కనీసం మూడు నెలలు ఉంచుతారు. మంచి రకాలైతే ఎండ తగిలే అటకల మీద పీపాల్లో ఏళ్ల తరబడి.

ఇప్పుడు మన మే నెల ఎండ దాన్నేం చేస్తుంది? మునిగినవాడికి చలేమిటి!

మూత తీసిన వైన్‌ని చెడగొట్టేవి రెండే, గాలి, వేడి. మదీరా రెండింటినీ ముందే పడి వచ్చింది. అందుకే తెరిచాక నెలల పాటు ఉంటుంది. పోర్ట్‌లో టానీ అనే రకం చెక్క పీపాలో ఏళ్లకేళ్లు కొద్దికొద్దిగా గాలి పీల్చినది, మంచి రకాల లేబుల్ మీద 10, 20, 30, 40 ఏళ్లు అని ఇలా ఉంటుంది. అదీ తెరిచాక ఒక నెల దాకా ఫరవాలేదు. ఎర్రగా ఉండే రూబీ పోర్ట్ రెండు మూడు వారాలు. ఒకే ఏడాది పంటతో చేసి సీసాలో పాతబడనిచ్చే వింటేజ్ పోర్ట్ మాత్రం ప్రయాణానికి పనికిరాదు. అడుగున మడ్డి ఉంటుంది, సంచీలో కుదిపితే బురద కాలవ. పైగా తెరిచిన రెండు మూడు రోజుల్లో ముగించాలి. స్పెయిన్ వైన్ షెర్రీలో ఫీనో అనేది 15 శాతం దగ్గర ఉంటుంది, చేదుగా, తీపి లేకుండా, తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టినా వారం. రొయ్యల వేపుడుతో అద్భుతం, కానీ ఫ్రిజ్ లేని ఊరికి తీసుకెళ్లకండి.

(దృశ్యం: మంచం మీద రెండు సీసాలు పక్కపక్కన, ఫుల్, హాఫ్. పక్కన మూడు బీరు సీసాలు.)

ఇక సంచీ. 375 మిల్లీల హాఫ్ సీసా తీసుకోండి. టానీకైనా మదీరాకైనా మూత చూడండి: కార్కుకి పైన ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, చేత్తో లాగితే వస్తుంది. ఓపెనర్ గొడవ లేదు. పడుకోబెట్టకుండా నిలబెట్టి పెట్టండి, మూత చుట్టూ ఒక కవరు, దాని చుట్టూ లుంగీ.

పరిమాణం దగ్గర ఒక మాట. ఒక పెగ్గు, 60 మిల్లీలు, టీ గ్లాసులో నడుము దాకా వస్తుంది. అందులో ఆల్కహాల్ 12 మిల్లీలు. 650 మిల్లీల బీరు 5 శాతమైతే అందులో 32. అంటే హాఫ్ సీసా పోర్ట్‌లో ఉన్న ఘాటు రెండు బీర్లని దాటిపోతుంది. తియ్యగా ఉంది కదాని బాదంపాలలా తాగితే మర్నాడు తల ఎత్తలేరు. హాఫ్‌లో ఆరు పెగ్గులు. ఇద్దరు మనుషులు, మూడు రాత్రులు, మనిషికొకటి. బీర్లతో ఇదే కావాలంటే సంచీ కాదు, కూలీ కావాలి.

కొనేటప్పుడు పోర్ట్ అన్న పేరు కాదు, లేబుల్ మీద శాతం చూడండి. గోవా నుంచి పోర్ట్ వైన్ పేరుతో వచ్చే తియ్యటి సీసాలన్నీ ఫోర్టిఫైడ్ కావు. 19, 20 అని ఉంటే మనం మాట్లాడుకునేది అదే. నాది మా బావ విదేశం నుంచి వస్తూ తెచ్చిన టానీ. కస్టమ్స్ వాళ్లు మనిషికి 2 లీటర్ల దాకా సుంకం లేకుండా వదులుతారు. విమానంలో 24 శాతం దాటిన మందుకే 5 లీటర్ల పరిమితి, పోర్ట్ ఆ గీతకి కిందే ఉంటుంది.

చిన్న ప్లాస్టిక్ సీసాలో ఒంపుకెళ్తే ఇంకా తేలిక కదా అంటారు. నేనూ అనుకున్నాను. వద్దండి. లేబుల్ లేని సీసాలో ఎర్రటి మందు కనిపిస్తే తనిఖీ దగ్గర ఎవరికి ఏమని చెప్తారు? సీలు, లేబుల్, బిల్లు, మూడూ ఉండాలి.

(దృశ్యం: ఎదుర్లంక వైపు నుంచి గౌతమి మీద వంతెన. అవతల యానాం.)

ఆయ్, యానాం సంగతి అడుగుతారని తెలుసు. వంతెన దాటితే పుదుచ్చేరి, 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఊరు, పన్ను వేరు, రేటు తక్కువ. అక్కడ కొన్న సీసా ఇటు తేవడమే నేరం. చెక్‌పోస్టులో వీడియో తీసుకునే ఆలోచన నాకు లేదు. పక్క రాష్ట్రం నుంచి తేవాలన్నా పర్మిట్ గొడవ ఉంటుంది, నిబంధనలు మారుతుంటాయి, ముందే కనుక్కోండి. రైల్లో తాగితే రైల్వే చట్టం సెక్షన్ 145, ఆరు నెలల దాకా జైలు. బండి నడిపేవాళ్లకి వంద మిల్లీల రక్తంలో 30 మిల్లీగ్రాములు హద్దు. పంటు మీద, పడవలో అసలు ముట్టుకోకండి. గోదారి ఎంత ప్రశాంతంగా కనిపించినా సరే.

(దృశ్యం: సాయంత్రం, రాజోలు దగ్గర కొబ్బరితోటలో పెంకుటిల్లు. బావి దగ్గర బకెట్లో మెడ దాకా మునిగిన చిన్న సీసా.)

సరే, మావయ్య ఇల్లు. కరెంటు లేదు, ఫ్రిజ్ ఉన్నా లేనట్టే. సీసాకి తడిగుడ్డ చుట్టి గాలికి పెట్టే చిట్కా ఉంది కానీ, మన డెల్టాలో గాలే చెమటతో ఉంటుంది, గుడ్డ ఆరితే కదా చల్లబడేది. బావినీళ్ల బకెట్టే నయం. అరగంట చాలు, టానీ మరీ చల్లబడినా వాసన ముడుచుకుపోతుంది.

మావయ్య టీ గ్లాసు లాంతరు ముందు పెట్టి చూశాడు. అంచు దగ్గర పల్చటి ఇటుక రంగు, మధ్యలో తాటిబెల్లం పాకం. వాసన చూశాడు. ఒక గుక్క తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకుని మింగాడు.

"ఏంట్రా ఇది, దగ్గు మందా?"

"మందేనండి మావయ్యా. దగ్గుకి కాదు."

నాకు తెలిసి దీనికి కుదిరిన జోడీ ఆత్రేయపురం పూతరేకు. బెల్లం వేసినది, పంచదారది కాదు. రేకు నాలుక మీద కరుగుతుంది, నెయ్యి మిగులుతుంది, అప్పుడు ఒక గుక్క టానీ. వేయించిన జీడిపప్పు, ఎండు ఖర్జూరం లాంటి వాసనలు దాన్లో ముందే ఉన్నాయి, బెల్లం వాటిని లేపుతుంది. తాపేశ్వరం కాజాతో కూడా చూశాను, తీపి మీద తీపి, మొహం మొత్తింది. ఇక పులసకీ దీనికీ పడదు. చింతపండు పులుసు, కారం, మీద ఇరవై శాతం ఘాటు, నోరు కొలిమైపోతుంది. పులస ముందు మంచినీళ్లే మర్యాద.

(దృశ్యం: మూడో రోజు పొద్దున. సంచీ సర్దుతున్న చేతులు. కెమెరా గదిలో అటూ ఇటూ తిరుగుతుంది.)

రెండు రాత్రులు, ఇద్దరం, నాలుగు పెగ్గులు. ఇంకా రెండు మిగలాలి. బకెట్లో చూశాను, లేదు. మంచం కింద లేదు. అత్తయ్యని అడిగితే నవ్వి గూట్లోకి వేలు చూపించింది.

(దృశ్యం: గోడ గూడు. అమృతాంజనం, బీపీ మాత్రల డబ్బా, దగ్గు మందు సీసా. వాటి పక్కన, మూత గట్టిగా బిగించి, మా టానీ.)