రైలు నడుస్తదా, ఉరుకుతదా? ‘రన్’ అనే మాట ముచ్చట

నమస్తే అందరికి. నల్లగొండ రైల్వే స్టేషన్ల బల్ల మీద కూసొని అనౌన్స్‌మెంట్ ఎప్పుడన్న మనసుపెట్టి విన్నరా? తెలుగుల ఏమొస్తది? బండి ఆలస్యంగా నడుస్తున్నది అని. హిందీల దేరీ సే చల్ రహీ హై. ఇంగ్లీషుల రన్నింగ్ లేట్. అదే బండి, అవే పట్టాలు, అదే ఆలస్యం. మనకాడ నడుస్తుంది, వాళ్ళకాడ ఉరుకుతుంది. ఇయ్యాల వీడియో మొత్తం ఈ ఒక్క మాట మీదనే. రన్.

రన్ అంటే పరుగెత్తుట అని చిన్న బడిల నేర్చుకున్నం. అదే మనల్ని ఆగం చేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కొత్త కూర్పు కోసం ఈ మాటను మళ్ళ మొదటికెళ్ళి రాస్తే, క్రియగానే 645 అర్థాలు తేలినయ్. అవన్ని ఎవ్వరు బట్టీ కొట్టలేరు, కొట్టే అవసరం గూడ లేదు. ఎందుకో చెప్తా.

పోయినేడు నాకాడ ఇంగ్లీషు నేర్చుకునే తమ్ముడొకడు ఇంటర్వ్యూకు పోయిండు. దేవరకొండ దిక్కు పల్లె. మీ నాయిన ఏం చేస్తడు అని అడిగిన్రు. “మై ఫాదర్ డ్రైవ్స్ ఏ కిరాణా షాప్” అన్నడు. ఎదురుంగ కూసున్నోళ్ళు నవ్విన్రట. ఆ నవ్వు తర్వాత అడిగిన ప్రశ్నలు వాని చెవికి ఎక్కనే లేదు. తిరిగొచ్చి నా ముందల కూసొని మెల్లగ అడిగిండు: “సార్, నడిపిస్తడు అంటే డ్రైవ్ కాదా?”

నాకు పానం కలుక్కుమంది. వాడు ఆలోచించిన తీరుల తప్పు లేదు. ఆటో నడుపుడు, సైకిల్ నడుపుడు, హోటల్ నడుపుడు, ఇల్లు నడుపుడు, మనకు అన్నింటికి ఒక్కటే మాట. ఇంగ్లీషు దాన్ని పంచింది. ఆటోకు డ్రైవ్, సైకిల్‌కు రైడ్, దుకాణానికి రన్. “మై ఫాదర్ రన్స్ ఏ కిరాణా షాప్.” మేనేజ్ అన్నా అర్థమైతది గని, మేనేజ్ అంటే వేరేటోళ్ళ దుకాణంల మేనేజరేమో అనుకునే సందు ఉంటది. సొంత దుకాణానికి రన్ అనే మాటే నిండుగుంటది.

అందుకే నేను పిల్లలకు చెప్పేది ఒక్కటే. రన్ కనిపిస్తే రన్ దిక్కు చూడకుండ్రి. ఏది రన్ అయితుందో దాని దిక్కు చూడుండ్రి. అది దొరికితే తెలుగు మాట దానంతట అదే వస్తది.

నీళ్ళు తీస్కుందాం. “ద మూసీ రన్స్ ఇంటు ద కృష్ణా ఎట్ వాడపల్లి.” మూసీ ఉరికి కృష్ణల దుంకుతదని రాస్తమా? మూసీ పారి వాడపల్లి కాడ కృష్ణల కలుస్తది. సాగర్ ఎడమ కాల్వ గూడ అంతే, పారుతది. “డోంట్ లీవ్ ద ట్యాప్ రన్నింగ్” అంటే నల్లా ఇప్పిపెట్టకు అని. “మై నోస్ ఈజ్ రన్నింగ్” అంటే ముక్కు కారుతుంది. పోచంపల్లి చీర కొని మొదటిసారి బకెట్ల నానబెట్టినమనుకోండ్రి. నీళ్ళు ఎర్రగైతే అమ్మ ఏమంటది? రంగు దిగుతుంది బిడ్డా, వేరే బట్టలు అండ్ల వెయ్యకు అంటది. దానికి ఇంగ్లీషుల “ద కలర్ ఈజ్ రన్నింగ్.” పారుడు, కారుడు, దిగుడు, అన్నింటికి రన్ ఒక్కటే. ఇక్కడ రన్‌కు అన్నదమ్ములు ఫ్లో, లీక్, బ్లీడ్.

ఇది కవిత్వం కోసం తర్వాత అతికించిన అర్థం అనుకోకుండ్రి. పాత ఇంగ్లీషుల ఈ మాట రూపం రిన్నన్. మనిషి ఉరికినా, నీళ్ళు పారినా అదే మాట. దాని చుట్టం జర్మన్‌ల ఇప్పటికి బతికే ఉంది: రిన్నెన్ అంటే పారుడు, రెన్నెన్ అంటే ఉరుకుడు. జర్మన్లు రెండు మాటలు ఉంచుకున్నరు, ఇంగ్లీషోళ్ళు ఒక్కదాంట్లనే కలిపేసిన్రు.

ఇగ పాలమూరు చెలకలకు పోదాం. ఎండకాలం మోటర్ ఏసి రైతు పైపు కాడ నిలబడ్డడు. గుర్రుమని సప్పుడొస్తుంది, పైపుల నుంచి గాలి తప్ప ఏం వస్తలేదు. “మోటర్ నడుస్తుంది గని బోరు పోస్తలేదు” అంటడు. ఎంత కరెక్టుగ విడగొట్టిండో చూడుండ్రి: నడిచేది మోటర్, పోసేది బోరు. ఇంగ్లీషుల ఈ రెండింటికి రన్నే. “ద మోటర్ ఈజ్ రన్నింగ్, బట్ ద బోర్‌వెల్ హాజ్ రన్ డ్రై.” ముందటి రన్‌కు బదులు వర్కింగ్ అనొచ్చు. రెండోదానికి బదులు డ్రైడ్ అప్ అనొచ్చు. అటు ఇటు మార్చినమంటే వాక్యం చెడిపోతది. పర్యాయపదాల లిస్టు బట్టీ పడితే అక్కరకు రాదని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

తొవ్వలకు సులువు. “ద హైవే రన్స్ త్రూ జడ్చర్ల” అంటే రోడ్డు జడ్చర్ల మీదికెళ్ళి పోతది. ఇంట్ల నూనె అయిపోతే “వుయ్ ర్యాన్ అవుట్ ఆఫ్ ఆయిల్”, నూనె ఒడిసింది. దారిల చుట్టం ఎదురుపడితే “ఐ ర్యాన్ ఇంటు హిమ్.” దీని మూడు రూపాలు రన్, ర్యాన్, రన్. రన్నెడ్ అనేది లేదు.

ఎలక్షన్ల కాడ మాత్రం నేను కొద్దిసేపు ఆగుతా. అమెరికాల “హి ఈజ్ రన్నింగ్ ఫర్ ఆఫీస్” అంటరు. మనం ఎలక్షన్ల నిలబడ్డడు అంటం. వాళ్ళు ఉరుకుతరు, మనం నిలబడుతం. బ్రిటన్‌ల గూడ మన తీరుగనే “స్టాండ్” అంటరు, కాబట్టి స్టాండ్ అని రాస్తే తప్పని ఎవరన్నా అంటే భయపడకుండ్రి. 1996 లోక్‌సభ ఎన్నికలల్ల నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డరు. ఫ్లోరైడ్ నీళ్ళ గోస దేశానికి తెల్వాలని నామినేషన్లు ఏసిన్రు. ఆ నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయి, నడుం వంగి, లేచి నిలబడలేని మనుషులున్న ఊర్ల కోసం. ఆ సంగతి ఇంగ్లీషుల రాయమంటే నేను రన్ అని రాయ. స్టుడ్ అనే రాస్తా.

అసలు ఉరుకుడు మిగిలిపోయింది. పోలీస్ ఈవెంట్స్‌కు పొద్దుగాల గ్రౌండ్ల ప్రాక్టీస్ చేసే పిల్లలను చూడుండ్రి. ముందుగాల ఒళ్ళు వేడెక్కేదాక మెల్లగ కదులుతరు, అది జాగ్. మొగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు, దమ్ము చూసుకుంట ఉరుకుతరు, అది రన్. ఆఖరి వంద మీటర్లు పానం పెట్టి ఉరుకుతరు, అది స్ప్రింట్. చప్పున తలుపు దాక పోయి రావుడు డాష్. బెదిరిన ఎద్దు తాడు తెంపుకొని పోతే బోల్ట్. పానభయంతోని ఊరు ఇడిసి పోతే ఫ్లీ.

ఆ తమ్ముడు మొన్న ఫోన్ చేసిండు. ఇప్పుడు వానికి ఇంకో చిక్కు వచ్చింది, నడుస్తది అన్న ప్రతి కాడ రన్ పెడుతుండు. “పది రూపాయల చిల్లర లేదు, ఐదు నడుస్తదా?” అనేదాన్ని “విల్ ఫైవ్ రన్?” అని రాసిండు. నడవది. అక్కడ “విల్ ఫైవ్ డూ?” అనాలె. మీకు గూడ మూడు ఇస్తున్న: “మా ఊర్ల పెండ్లి నడుస్తుంది”, “మా ఇంటి పని నడుస్తుంది”, “వాళ్ళ మధ్య మాటలు నడుస్తలేవు.” మూడింట్ల ఏది రన్, ఏది కాదు, కింద రాయుండ్రి. రేపు పొద్దుగాల కూసొని ఒక్కొక్కటి చదువుతా.