ఒకేలా కనిపించే రెండు సీసాలు: సుగంధ తైలం, పూల మందు

[దృశ్యం: కిటికీ పక్కన బల్ల. దాని మీద రెండు చిన్న గోధుమరంగు గాజు సీసాలు.]

నమస్కారం. ఈ సీసాలు రెండూ కవలల్లా ఉన్నాయి. రెండింటి మీదా పువ్వు బొమ్మే. రెండూ మనశ్శాంతి కోసమని కొనేవే. కానీ ఒకటి నాలుక మీద వేసుకునేది, ఇంకొకటి నోట్లోకి పోకూడనిది. ఈ తేడా ఇంటిల్లిపాదికీ తెలియాలి.

[దగ్గరి దృశ్యం: మొదటి సీసా మూత తీసి, దూది ఉండ మీద ఒక్క చుక్క.]

ఇది లావెండర్ తైలం. పూలకంకుల గుండా ఆవిరిని పంపి, ఆ ఆవిరిని చల్లార్చితే నీటి మీద తేలే నూనె. మన దేశంలో జమ్మూ ప్రాంతంలోని భదర్వా రైతులు ఈ పంట పండిస్తున్నారు. వేసింది ఒక్క చుక్కే అయినా గది అవతలి మూలకు వాసన వెళ్ళింది. అంత చిక్కనిది ఇది.

వాసన మనసును ఇంత త్వరగా ఎలా తాకుతుంది? చూపూ శబ్దమూ మెదడులో థాలమస్ అనే మజిలీలో ఆగి ముందుకు వెళ్తాయి. వాసనకు ఆ మజిలీ అక్కర్లేదు. ముక్కు పైభాగంలోని నాడుల నుంచి భావోద్వేగాలనూ జ్ఞాపకాలనూ చూసుకునే భాగాలకు దాదాపు నేరుగా చేరుతుంది. తొలకరి చినుకులకు మట్టి వాసన రాగానే సొంత ఊరు కళ్ళముందు నిలవడం అందుకే. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఆ మట్టి వాసననే చందన తైలంలోకి పట్టి అత్తరు చేస్తారు. తలచుకుంటేనే ఎంత హాయిగా ఉంటుందో!

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గాట్‌ఫోసే 1937లో అరోమాథెరపీ, అంటే సుగంధ తైలాలతో చికిత్స, అనే పేరుతోనే పుస్తకం వేశాడు. లావెండర్ వాసన ఆందోళనను కొంత తగ్గిస్తుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి, అయితే వాటిలో చాలావరకు చిన్నవే. పరీక్ష ముందు గుబులుకు, పడుకునే ముందు అలసటకు వాడుకోండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, దిగులు వదలకపోయినా వైద్యుడి దగ్గరకే వెళ్ళాలి.

[దృశ్యం: చిన్న గిన్నెలో నువ్వుల నూనె.]

ఒంటికి రాసుకోవాలంటే ఇలా. రెండు టీస్పూన్ల నువ్వుల నూనె, అంటే 10 మిల్లీలీటర్లు. అందులో లావెండర్ నాలుగు చుక్కలు, అంతకు మించి వద్దు. ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒక రోజు చూడండి. మంట, దద్దుర్లు లేకపోతేనే మెడకూ పాదాలకూ రాసుకోండి. గర్భిణులూ ఆస్తమా ఉన్నవారూ వైద్యుణ్ణి అడిగాకే వాడాలి.

ఇప్పుడు చెప్పేది దయచేసి శ్రద్ధగా వినండి. జలుబు చేసిందని పసిబిడ్డ ముక్కు దగ్గర నీలగిరి తైలమో కర్పూరమో రాయకండి. ఊపిరి అందకపోవచ్చు. ఒక్క చెంచా మింగినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. పొరపాటున తాగితే వాంతి చేయించకండి, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

[దగ్గరి దృశ్యం: రెండో సీసా.]

మూత తీసి చూస్తే దీనికి పూల వాసనే లేదు, బ్రాందీ వాసన వస్తోంది! హోమియో దుకాణాల్లో దొరికే బాచ్ పూల మందు ఇది. 1886లో పుట్టిన ఎడ్వర్డ్ బాచ్ అనే ఆంగ్ల వైద్యుడు ఇలాంటివి 38 తయారుచేశాడు. గాజు గిన్నెలో ఊటనీరు పోసి, పూలు తేలవేసి, మూడు గంటలు ఎండలో ఉంచేవాడు. కొన్నింటిని ఉడికించేవాడు. ఆ నీటికి సమంగా బ్రాందీ కలిపి, మళ్ళీ ఎన్నోరెట్లు పలచన చేస్తారు. భయానికి ఒకటి, అసహనానికి ఒకటి, ఇలా ఒక్కో భావానికి ఒక్కో పువ్వు.

పరీక్షించి చూసినప్పుడు ఇవి ఉత్తుత్తి మందు కన్నా ఎక్కువ పని చేసినట్టు తేలలేదు. అయినా "నాలో ఉన్నది భయమా, విసుగా?" అని ఒక నిమిషం ఆగి తనను తాను అడగడం నాకు నచ్చింది. ఆ నిమిషానికి సీసా అక్కర్లేదు. మద్యం మానేసినవారు మాత్రం ఇందులో బ్రాందీ ఉందని గుర్తుంచుకోవాలి.

[దృశ్యం: లావెండర్ సీసాకు తెల్ల కాగితం అంటిస్తున్న చేతులు.]

దీని మీద పెద్ద అక్షరాలతో "తాగరాదు" అని రాశాను. సీసాను అలమారలో పై అరలో పెట్టి తాళం వేస్తున్నాను. దూది ఉండ మాత్రం ఈ రాత్రికి నా దిండు పక్కనే.