స్కిల్ చెక్ హౌస్ రూల్స్: పాచిక ఎంతమంది వేయాలి?

[తెరపై: కునికిపాట్లు పడుతున్న కాపలాదారు, చీకట్లో నలుగురు సాహసికులు, ఇరవై ముఖాల పాచిక]

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కలిసి ఆడే కథల ఆట. పాత్ర తలపెట్టిన పని నెరవేరిందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చడమే స్కిల్ చెక్. దాని విషయంలో ఆడేవాళ్లు సొంతంగా పెట్టుకునే నియమాలే హౌస్ రూల్స్. ఈ ఆటలో నలుగురు సాహసికులు ఈ కాపలాదారును చప్పుడు చేయకుండా దాటిపోవాలి. ఒక్కొక్కరికీ నెగ్గే అవకాశం సరిగ్గా సగం ఉందనుకుందాం. నలుగురూ పాచిక వేయాలి, ఏ ఒక్కరు తప్పినా కాపలాదారు మేల్కొంటాడని ఆటను నడిపే డంజన్ మాస్టర్ నియమం పెడితే, అందరూ క్షేమంగా దాటే అవకాశం 6.25 శాతానికి పడిపోతుంది. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో దీనికి గ్రూప్ చెక్ అనే పద్ధతి ఉంది. కనీసం సగం మంది నెగ్గితే జట్టంతా నెగ్గినట్టే. ఆ లెక్కన ఇదే నలుగురి అవకాశం 68.75 శాతమవుతుంది. పాత్రలు మారలేదు, పాచిక మారలేదు. మారింది ఫలితాన్ని లెక్కగట్టే తీరు ఒక్కటే.

[తెరపై: పాత శాసనం ముందు అయిదుగురు]

దీనికి పూర్తిగా విరుద్ధమైన చిక్కు మరొకటి ఉంది. శాసనంపై ఉన్న రాజముద్ర ఎవరిదో గుర్తించాలి, కష్టస్థాయి 15. అంటే పాచిక అంకెకు పాత్ర నైపుణ్యపు అదనపు అంకె కలిపితే కనీసం 15 రావాలి. చరిత్ర చదివిన మాంత్రికురాలికి +7 ఉంది కనుక ఆమె 8 లేదా అంతకన్నా ఎక్కువ వేస్తే చాలు. అవకాశం 65 శాతం. చరిత్ర ఊసే తెలియని, ఏ అదనపు అంకే లేని అయిదుగురు "నేనూ వేస్తాను" అంటూ వరుసగా పాచిక వేస్తే, ఒక్కొక్కరికి 30 శాతమే అయినా, వారిలో ఎవరో ఒకరు నెగ్గే అవకాశం 83 శాతం దాకా చేరుతుంది. అంటే ఆ చదువుకు విలువే లేకుండా పోయిందన్నమాట. అందుకే ఆ విద్యలో నైపుణ్యం ఉన్నవారే పాచిక వేయాలని, మరొకరు సాయం చేస్తే రెండు పాచికలు వేసి పెద్ద అంకె తీసుకోవాలని నియమం పెట్టుకోవడం మంచిది. అప్పుడు మాంత్రికురాలి అవకాశం 87.75 శాతమవుతుంది.

తాళం తెరుచుకోలేదని మళ్లీ మళ్లీ పాచిక వేయడం కూడా ఇలాంటిదే. పరిస్థితి మారేవరకు మొదటి ఫలితమే ఖాయమనాలి. తొందర లేనప్పుడు, తప్పితే నష్టమూ లేనప్పుడు పాచికే అక్కరలేదు. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో అలాంటి చోట ఇరవై రెట్ల సమయం వెచ్చించి, 20 పడినట్టే లెక్కించుకునే వీలుండేది.

[తెరపై: పాచికపై 20]

ఎక్కువ వాదనలు మాత్రం 20 పడితే ఏ పనైనా నెరవేరాలా అన్న ప్రశ్న మీదే జరుగుతాయి. అయిదో ఎడిషన్ నియమాల ప్రకారం 20 పడితే తప్పక తగలడమన్నది దాడులకే గాని స్కిల్ చెక్‌లకు వర్తించదు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్ దాన్ని స్కిల్ చెక్‌లకూ వర్తింపజేసింది. నా దృష్టిలో ఇది చిన్న విషయం. కిరీటం ఇచ్చేయమని రాజును అడిగితే ఆయన ఇవ్వడని ముందే తెలిసినప్పుడు, అసలు పాచిక వేయమనకపోతే సరిపోతుంది.

[తెరపై: మూడు ఆరుముఖాల పాచికలు]

కొందరు ఇరవై ముఖాల పాచికకు బదులు మూడు మామూలు పాచికలు వేసి కూడుతారు. రెండింటికీ సగటు 10.5 అయినా మూడు పాచికలలో ఫలితాలు నడిమి అంకెల దగ్గరే గుమిగూడుతాయి. 4 పడితే చాలనుకునే నిపుణుడి అవకాశం 85 నుంచి 99.5 శాతానికి పెరుగుతుంది. 16 కావలసిన అనుభవహీనుడిది 25 నుంచి 4.6కు తగ్గుతుంది. నైపుణ్యానికి విలువ పెరగాలని కోరే జట్టుకు ఇది చక్కగా నప్పుతుంది. దాడులకు మాత్రం పాత పాచికనే ఉంచుకోవాలి. మూడు పాచికలలో 18 పడటం 216 సార్లలో ఒక్కసారే కాబట్టి, గరిష్ఠ అంకె పడినప్పుడే వచ్చే, మామూలుకన్నా ఎక్కువ నష్టం చేసే క్రిటికల్ దెబ్బ ఆటలో దాదాపు కనబడకుండా పోతుంది.